లిక్విడ్ మెంబ్రేన్‌తో నా అనుభవం: సిగ్నల్ ఎందుకు పడిపోయింది?

మురుగు కలిసిన నీళ్లలో 2,4-డి కలుపుమందు ఆనవాళ్లు పట్టే పని నిన్ననే ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మొదటి దశలు సులువే. సన్నరంధ్రాల పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పొరను నీళ్లలో కలవని డైహెక్సైల్ ఈథర్‌లో నానబెట్టాలి. రంధ్రాల్లో నిలిచిన ఆ ఈథరే లిక్విడ్ మెంబ్రేన్, అంటే ద్రవపు పొర. ఒక పక్క సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నమూనా, రెండో పక్క పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్. ఆమ్లంలో 2,4-డికి ఆవేశం ఉండదు కనుక ఈథర్‌లో కరిగి దాటుతుంది. బఫర్‌లోకి చేరగానే అయాన్ అయిపోయి వెనక్కి రాలేదు. 1986లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆడున్సన్ ఆమ్లక్షారాలను తారుమారు చేసి ఎమైన్లను ఇలాగే పట్టాడు. విశ్లేషణ రసాయనంలో ఇంత అందమైన ఆలోచన నేను మరొకటి చూడలేదు.

శుద్ధజలంలో స్టాండర్డ్‌లు (తెలిసిన మోతాదులో 2,4-డి కలిపిన ద్రావణాలు) చక్కగా వచ్చాయి. అసలు నమూనాలు పెట్టాక మాత్రం రన్ రన్‌కీ సిగ్నల్ పడిపోయింది. సమీక్షలో పెద్దాయన అందరి ముందూ "పైపెట్ పట్టడం ముందు నేర్చుకో" అన్నారు. స్టాండర్డ్‌లు అంత బాగా ఎలా వచ్చాయని ఒక్కరూ అడగలేదు. 2,4-డిని కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం కాలమ్ మార్చాం, పంపు గొట్టాలు మార్చాం, ఫలితం సున్నా.

చివరికి బఫర్ వైపు నుంచి వచ్చే చుక్కకు పీహెచ్ కాగితం తగిలించాను. ఆమ్లం! సల్ఫ్యూరిక్ ఆమ్లం ఈథర్ గుండా పోలేదు, అంటే పొరే కారుతోంది. 2,4-డి పీకేఏ, అంటే అది సగం అయాన్‌గా మారే పీహెచ్, సుమారు 2.7. బఫర్ పీహెచ్ దానికి 3.3 పైన, అంటే కనీసం 6 ఉండాలి. తగ్గితే పట్టుబడ్డది మళ్లీ వెనక్కి పోతుంది. ఈథర్‌ను రంధ్రాల్లో నిలిపేది కేశనాళిక బలం. మురుగులోని డిటర్జెంట్ తలతన్యతను తగ్గించి ఆ పట్టు సడలిస్తుంది. శుద్ధజలంలో కాస్త సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే డిటర్జెంట్ కలిపితే అదే పతనం! గ్రాఫ్ చూపించాను. ఆయన మాట్లాడలేదు, క్షమాపణా చెప్పలేదు.

"పొర వారాలపాటు నిలకడగా ఉంది" అని పేపర్లలో రాసేవాళ్లు ఏ నీళ్లతో చూశారో కూడా రాయాలి. శుద్ధజలంతో చూసి రాస్తే మాలాంటివాళ్లు బలవుతారు.

తర్వాత పాలీప్రొపిలీన్ హాలో ఫైబర్‌కి, అంటే గోడ నిండా సన్నరంధ్రాలున్న సన్నటి గొట్టానికి, మారాను. ముక్క కోసి ఈథర్‌లో ముంచడం, పైన మిగిలింది నీళ్లతో కడగడం, ఒక్క నమూనాకే వాడి పారేయడం. పంపూ లేదు, ఒత్తిడీ లేదు. ప్రతి నమూనా తర్వాత పీహెచ్ కాగితం మాత్రం మానలేదు, మీరూ మానకండి. చివరి నమూనా దాకా అది 7 దగ్గరే ఉంది.