పేరు తెలియని కామ్‌షాఫ్ట్‌ని పుష్‌రాడ్ పట్టించింది

నా 1990 ఫోర్డ్ మస్టాంగ్ ఎల్ఎక్స్ కారు కొన్నప్పుడు అమ్మినాయన చెప్పింది ఒక్కటే మాట, ఇంజన్ రీబిల్డ్ చేయించాను, కామ్ మార్పించాను అని. కామ్ అంటే వాల్వులని తెరిపించే షాఫ్ట్. ఏ కామ్ అంటే తెలియదన్నాడు. బిల్లులు లేవు, చేసిన షాపు ఎప్పుడో మూసేశారట. 5.0 లీటర్ల వీ8 అది, ఐడిల్‌లో బండి మొత్తం అదురుతూ మోగుతుంటే వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ లోపల ఏ కామ్ ఉందో తెలియకపోతే దానికి తగ్గ వాల్వ్ స్ప్రింగులు ఎంచుకోలేం, ట్యూన్ సరిగ్గా చేయించలేం, ఎన్ని ఆర్‌పీఎంల దాకా లాగొచ్చో కూడా తెలియదు. ఆరు నెలలు ఆ టెన్షన్‌తోనే నడిపాను.

ఇక్కడ టెక్సాస్ ఇర్వింగ్‌లో శబ్దం విన్న ప్రతివాళ్లూ ఒక్కో పేరు చెప్పారు. ఈ ఇంజన్‌కి ఫోర్డ్ అమ్మిన కామ్‌లకి అక్షరాల పేర్లుంటాయి: ఈ303, బీ303, ఎఫ్303, ఎక్స్303, జెడ్303. నన్నడిగితే చెవితో తేల్చే విషయం కాదిది. ఐడిల్‌లో ఆ ఊపు ఎక్కువగా ఓవర్‌ల్యాప్ వల్ల వస్తుంది, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండే ఆ కాస్త సమయం. ఎఫ్303 డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి, క్రాంక్ తిరిగే లెక్కలో 226 డిగ్రీలు, ఈ303ది 220. కానీ ఎఫ్‌లో లోబుల (వాల్వులని తెరిపించే కామ్ మీది ఉబ్బుల) మధ్య కోణం 114, ఈ303లో 110, అందుకే చిన్న కామ్‌కే ఓవర్‌ల్యాప్ ఎక్కువ.

కామ్ ముందు కొసన నంబరు కొట్టి ఉండొచ్చు గానీ, అది చూడాలంటే వాటర్ పంపు, టైమింగ్ కవర్ అన్నీ ఊడదీయాలి. అంత దూరం పోకుండా కొలిచి తేల్చుకోవాలనుకున్నాను.

మొదట ఒకటో సిలిండర్‌కి మెత్తటి చెకింగ్ స్ప్రింగులు వేసి, వాల్వ్ దగ్గర డయల్ గేజ్ పెట్టి తిప్పితే లిఫ్ట్, అంటే వాల్వ్ ఎంత కదులుతుందో ఆ దూరం, 0.508 అంగుళాలు వచ్చింది. కేటలాగులో ఎఫ్303కి 0.512 ఉంది. దొరికిపోయింది అనుకుని స్ప్రింగులు ఆర్డర్ పెట్టబోయాను.

ఆ రాత్రి బాబాయితో వీడియో కాల్ మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. "రాకర్ రేషియో ఎంతరా?" అన్నాడు. కామ్ లేపిన కదలికని పుష్‌రాడ్ అనే కడ్డీ పైకి తెస్తుంది, రాకర్ అనే మీట దాన్ని పెంచి వాల్వుని నొక్కుతుంది; ఎన్ని రెట్లు పెంచుతుందో అదే రేషియో. 1.6, కంపెనీ లెక్క అదే అన్నాను. "కంపెనీ లెక్క సరే, ఇంజన్ విప్పినవాడు రాకర్లు మార్చలేదని ఎవరు చెప్పారు నీకు? రాకర్ పక్కనపెట్టి పుష్‌రాడ్ మీద గేజ్ పెట్టు. కామ్ ఎంత లేపుతోందో అక్కడే తెలుస్తుంది."

పొద్దున్నే అదే పని. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేశాను, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరగాలి కదా. రాకర్ తీసి, గేజ్ మొనని పుష్‌రాడ్ పైకొసన ఉన్న నూనె తడి గుంటలో కూర్చోబెట్టాను. గేజ్ కడ్డీ పుష్‌రాడ్ వాలులోనే ఉండాలి, కాస్త పక్కకి ఒరిగినా లెక్క తప్పుతుంది. టాపెట్ (కామ్‌కీ పుష్‌రాడ్‌కీ మధ్య ఉండే ముక్క) పూర్తిగా కిందికి దిగాక సున్నా పెట్టి, క్రాంక్ బోల్టుకి పొడుగు రెంచి తగిలించి మెల్లగా తిప్పాను. ముల్లు లేచి లేచి 0.300 దగ్గర ఆగి వెనక్కి మళ్లింది. మూడుసార్లు తిప్పినా అంతే.

0.300ని 1.6తో గుణిస్తే 0.480, అది బీ303. 1.7తో గుణిస్తే 0.510, నాకు వాల్వ్ దగ్గర వచ్చింది దాదాపు అదే. రాకర్‌ని గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూస్తే పక్కన 1.7 అని ఉంది! ఎఫ్303 అయ్యుంటే లోబ్ దగ్గర 0.320 రావాలి. ఇరవై థౌ, అంటే అంగుళంలో ఇరవై వెయ్యో వంతుల తేడా చిన్నదేం కాదు.

అయినా డ్యూరేషన్ కూడా చూశాను. పిస్టన్ స్టాపర్‌తో టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు) పట్టి, డిగ్రీ వీల్ బిగించి ఒకే దిక్కున తిప్పాను, వెనక్కి తిప్పితే చెయిన్ వదులు కొలతలో కలిసిపోతుంది. 0.050 లిఫ్ట్ దగ్గర ఇన్‌టేక్ టీడీసీకి 2 డిగ్రీల ముందు తెరుచుకుంది, బీడీసీ (పిస్టన్ పూర్తిగా కిందుండే చోటు) దాటాక 42 దగ్గర మూసుకుంది. 2, 180, 42 కలిపితే 224. సెంటర్‌లైన్లు (లోబ్ కొస టీడీసీకి ఎన్ని డిగ్రీల దూరమో) ఇన్‌టేక్‌కి 110, ఎగ్జాస్ట్‌కి 114 వచ్చాయి, వాటి సగటు 112, అదే లోబుల మధ్య కోణం. బీ303 కేటలాగులోనూ డ్యూరేషన్ 224, లోబుల మధ్య కోణం 112. బాబాయికి ఫొటో పంపితే, "ఇప్పుడు వాల్వుకి, పిస్టన్‌కి మధ్య జాగా చూడు" అని వెంటనే మెసేజ్ పెట్టాడు.

నిజమే, 1.7 రాకర్ల వల్ల వాల్వ్ 30 థౌ ఎక్కువ దిగుతోంది. చెకింగ్ స్ప్రింగులు ఇంకా అలాగే ఉంచాను. శనివారం టీడీసీకి అటూ ఇటూ పది డిగ్రీల దగ్గర వాల్వుని వేలితో నొక్కి, పిస్టన్‌కి తగిలేదాకా ఎంత దూరం ఉందో కొలవాలి. ఇన్‌టేక్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 థౌ ఉంటే ఈ రాకర్లే ఉంచుతాను, లేకపోతే 1.6వి వేస్తాను.