రజ పండక్కి గ్రౌట్ గీకచ్చా?

బరంపురంలో ఉండే తెలుగువాళ్ళని ప్రవాసులని ఎవరూ అనరు. ఇచ్ఛాపురంలో రైలెక్కితే గంట తిరక్కుండా దిగిపోయే ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరే. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి పుట్టింది ఇక్కడే. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలకి లోటు లేదు. వాళ్ళ సంగతి వేరు. మేము పలాస దగ్గర పల్లె నుంచి మా ఆయన ఉద్యోగం కోసం వచ్చిపడ్డాం. పిల్లలకి బడిలో ఇంగ్లిషు, ఒడియా, వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు తన పిల్లల గురించి పడే టెన్షన్లన్నీ నాకూ ఉన్నాయి. కాకపోతే మాకు విమానం ఖర్చు లేదు.

"పిల్లలు ఒడియావాళ్ళయిపోతున్నారే" అని మా అత్తగారు ఊరెళ్ళినప్పుడల్లా అంటారు. నేను ఊఁ కొట్టి ఊరుకుంటాను. నిజంగా అలా అవుతున్నారా లేదా అన్నది 2022 జూన్‌లో మా బాత్‌రూమ్ దగ్గర తేలింది.

మేము కొన్నది పాత ఇల్లు. బాత్‌రూమ్ టైల్స్ బాగానే ఉన్నాయి, సందుల్లో నింపిన వైట్ సిమెంటు గ్రౌట్ మాత్రం నల్లబడి, అక్కడక్కడ రాలిపోయి, నీళ్ళు గోడలోకి దిగుతున్నాయి. అవతల పడగ్గది గోడకి చెమ్మ. మేస్త్రిని పిలిస్తే టైల్స్ మొత్తం పీకి కొత్తవి వెయ్యాలన్నాడు. వేళ్ళతో కొట్టి చూశాను, ఒక్క టైలూ డొల్లగా మోగలేదు. గట్టిగా ఉన్న టైలు పీకడం దేనికి? పాత గ్రౌట్ తీసి కొత్తది నింపితే చాలు.

గ్రైండర్ వాడదామన్నారు మా ఆయన. దాని బిళ్ళ గిర్రున తిరుగుతుంది, చెయ్యి కాస్త జారినా టైలు తెగుతుంది. అందుకని ఆసిలేటింగ్ మిషన్ కొన్నాం. ఇందులో బ్లేడు తిరగదు, అటూ ఇటూ 3 డిగ్రీలంత ఊగుతుంది, అంతే. కానీ నిమిషానికి 10,000 నుంచి 20,000 సార్లు ఊగుతుంది. గ్రౌట్‌కి పళ్ళ బ్లేడు పనికిరాదు. అర్ధచంద్రాకారంలో ఉండి, అంచున కార్బైడ్ గానీ డైమండ్ గానీ గరుకుగా అతికించినది కావాలి. కార్బైడ్ చవక, తొందరగా అరుగుతుంది. డైమండ్ ఖరీదు, ఎక్కువ కాలం ఆగుతుంది. ఏదైనా సందు కంటే బ్లేడు సన్నగా ఉండాలి. మా సందులు 3 మిల్లీమీటర్లు, కాబట్టి 2 మిల్లీమీటర్ల బ్లేడు తెచ్చుకున్నాం. అందరికీ సెలవులు కలిసొచ్చే రోజులని జూన్ 14న పని పెట్టుకున్నాం.

ముందు రోజు రాత్రి అమ్మాయి అడ్డం తిరిగింది.

"అమ్మా, రేపు పహిలి రజ. భూమి తవ్వకూడదు. నువ్వసలు పనే చెయ్యకూడదు."

"ఇది భూమి కాదే, టైలు."

"టైలు కింద ఏముంది?"

"సిమెంటు."

"దాని కింద?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. రజ అంటే మిథున సంక్రాంతికి ఇక్కడ చేసుకునే మూడు రోజుల పండగ, మొదటి రోజు పహిలి రజ. భూదేవి బహిష్టులో ఉంటుందని నాగలి కట్టరు, గునపం దించరు. ఆడపిల్లలు కొత్త బట్టలు వేసుకుని ఉయ్యాలలూగుతారు, ఇంటిపని ముట్టరు. కాల్చి చేసే పొడొపిఠా అనే పిండివంట తింటారు. ఆడదాన్ని మూడు రోజులు కూర్చోబెట్టి తిండి పెట్టే పండగంటే నాకు ముందునుంచీ గౌరవమే. మన క్యాలెండర్లో అలాంటిది వెతికినా దొరకదు.

పోనీలే అనుకునేలోపు మా నాన్న ఫోన్. ఆ ఏడు జ్యేష్ఠ పౌర్ణమి కూడా జూన్ 14నే పడింది. అంటే మాకు ఏరువాక. ఎడ్లని కడిగి, పసుపు రాసి, నాగలి పూజ చేసి తొలి చాలు దున్నే రోజు. ఒకే వాన కోసం ఎదురుచూసే పక్కపక్క ఊళ్ళు. ఒకరికి ఆ రోజు దున్ని తీరాలి, ఇంకొకరికి మట్టి ముట్టకూడదు. అమ్మాయి ఫోన్ లాక్కుని తాతకి విషయం చెప్పింది.

"పున్నమి నాడు నాగలి కట్టకుండా కూకుంటారేటమ్మా? నాగలి లేకపోతే ఆ మిషనైనా కట్టండి."

"ఇక్కడ భూమికి సెలవు తాతా."

"సెలవేటి! మరి మా భూమికి ఎవులిస్తారే సెలవు?"

ఇద్దరూ తగ్గలేదు. చివరికి పక్కింటి మావుసిని, అంటే పిన్నిగారిని, అడుగుదామంది అమ్మాయి. ఆవిడ నవ్వి, నేలమీద టైల్స్ ఇప్పుడొద్దు గానీ గోడ భూమెలా అవుతుంది, గోడ చేసుకోండి, మీ అమ్మ మాత్రం మిషన్ పట్టకూడదు అని తీర్పిచ్చింది. తీర్పు ఒడియాలో వస్తే అమ్మాయి తాతకి ఫోన్లో తెలుగులో చెప్పింది. ఏరువాక నాడు పని మొదలవుతోంది కాబట్టి ఆయనకీ అభ్యంతరం లేకపోయింది.

అలా గోడ మా ఆయన, మా వాడి వంతుకొచ్చింది. నేను బాత్‌రూమ్ గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చుని ఆజ్ఞలు జారీ చేశాను. వీడియోలన్నీ చూసింది నేనే మరి. బాత్‌రూమ్ ముందు రోజు నుంచీ వాడకుండా ఎండబెట్టాం. కరెంటు మిషన్, కాళ్ళ కింద తడి ఉండకూడదు. గ్రౌట్ దుమ్ములో ఇసక పొడి ఉంటుంది, ఊపిరితిత్తులకి చేటు. కరోనాకి కొన్న ఎన్95 మాస్కులు మిగిలి ఉంటే అవి పెట్టించాను, కళ్ళద్దాలు సరేసరి. దుమ్ము చీపురుతో ఊడిస్తే మళ్ళీ గాల్లోకి లేస్తుందని వాక్యూమ్ గొట్టం మావాడికిచ్చి బ్లేడు పక్కనే పట్టుకోమన్నాను.

మిషన్ ఆన్ చెయ్యగానే మావాడు రెండడుగులు వెనక్కి వేశాడు. అంతకు ముందేడు సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు కట్టు కోసిన మిషన్‌దీ ఇదే మోత. పోలిక కాదు, రెండూ ఒక జాతివే. జర్మనీలో ఫైన్ కంపెనీ 1967లో ఇలా ఊగే రంపం చేసింది ప్లాస్టర్ కట్లు కొయ్యడానికే. చర్మం మెత్తన, బ్లేడుతో పాటే ఊగుతుంది. కట్టు గట్టిది, కదల్లేక తెగుతుంది. అది విని వాడు దగ్గరికొచ్చాడు గానీ, అది కట్టు కోసే బ్లేడు, ఇది రాయి అరగదీసే బ్లేడు, వేలు పెట్టి పరీక్ష చెయ్యకని గట్టిగానే చెప్పాల్సొచ్చింది.

మా ఆయన మొదట మిషన్‌ని గోడకేసి నొక్కారు. నొక్కితే ఊపు ఆగిపోతుంది, బ్లేడు వేడెక్కుతుంది, గ్రౌట్ మాత్రం కదలదు. వేగం మధ్యస్థంగా పెట్టి, సందు మధ్యలో తేలిగ్గా ఆనించి ముందుకీ వెనక్కీ జరుపుతూ పోవాలి. మొదటిసారి సన్నటి గాడి పడితే చాలు, రెండోసారి ఆ గాడిలోనే లోతుకి వెళ్ళచ్చు. బ్లేడు పక్కకి వాలిందా, టైలు అంచు మెరుగు పెచ్చు లేచిపోతుంది. టైలు మందంలో మూడింట రెండు వంతుల లోతు తీస్తే కొత్త గ్రౌట్ పట్టు దొరుకుతుంది. గోడలు కలిసే మూలల్లో బ్లేడు చివరిదాకా చేరని చోట చేత్తో గీకే పరికరమే గతి. ఆ మూలలన్నీ మావాడే గీకాడు. మాస్కులోంచి తండ్రితో తెలుగు, గుమ్మంలో నిలబడ్డ స్నేహితుడితో ఒడియా.

గోడ అయింది. పండగ మూడు రోజులూ గడిచాక నాలుగో రోజు వసుమతి స్నానం. ఆ రోజు ఇక్కడివాళ్ళు రుబ్బురాయిని భూదేవిగా భావించి పసుపు నీళ్ళతో స్నానం చేయిస్తారు. అమ్మాయి మా పొత్రానికి పోసి బొట్టు పెట్టాక, ఇక నేల చేసుకోవచ్చంది. నేల నేనే చేశాను, వాక్యూమ్ అది పట్టింది. గోడా నేలా కలిసే చోట మాత్రం గ్రౌట్ పెట్టలేదు. రెండూ ఒకలా కదలవు, గట్టిదేది నింపినా చీలిపోతుంది. అక్కడ సాగే సిలికాన్ వేశాం.

అత్తగారి మాటకి వస్తే, ఒడియా పండగ గురించి నాతో ఇంత ధాటిగా తెలుగులో వాదించే పిల్ల గురించి నాకు బెంగ లేదు. తెలుగు చదవడం ఇద్దరికీ రాదు, దానికి మాత్రం బాధగానే ఉంది. గోడమీద తెలుగు క్యాలెండర్ వాళ్ళకి బొమ్మల కాగితమే. ఆదివారం పలక పట్టించే ప్రయత్నం నడుస్తోంది, ఎంతవరకు వస్తుందో చూడాలి.

వంటగది టైల్స్ ఇంకా మిగిలాయి. సెప్టెంబర్లో చేద్దామంటే, 17న విశ్వకర్మ పూజ, ఆ రోజు మిషన్ ముట్టకూడదంది అమ్మాయి. దసరాకి చేద్దామంటే, ఆయుధపూజ మనదే కదా, అప్పుడూ కుదరదంది.