బట్టీ బయానా, వీసా అప్పు

"నీ పాస్‌పోర్టు ఖఫీల్ దగ్గర ఉందని ఇంత బాధపడుతున్నావు గానీ భాయ్, మీ హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుకబట్టీల్లో మా బలంగీర్ వాళ్ళు సంతకు పోవాలన్నా ఎవర్ని అడగాలో తెలుసా?"

సౌదీలో, రియాద్ లేబర్ క్యాంపులో ఒక ఒడియా మేస్త్రీ నాతో అన్న మాట ఇది. ఖఫీల్ అంటే అక్కడ మనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. అప్పుడు కోపమొచ్చింది. సెలవు మీద హైదరాబాద్ వచ్చాక కూడా ఆ మాట వదలడం లేదు. మనం అక్కడ పడేదీ, వాళ్ళు ఇక్కడ పడేదీ ఒకటేనా?

బానిసత్వం ఎప్పుడో రద్దయిందంటాం. బ్రిటన్ 1833లో చట్టం చేసింది. 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది కూడా యజమానులకే, బానిసలకు కాదు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉన్న మన నేలకు ఆ చట్టం వర్తించలేదు. 1843లో ఇక్కడ వచ్చిన చట్టం, ఫలానావాడు నా బానిస అని ఎవరైనా కోర్టుకొస్తే ఆ హక్కును కోర్టు ఒప్పుకోదని చెప్పింది. మనిషిని కొనడం, అమ్మడం నేరమైంది 1860 శిక్షాస్మృతితో. ఈలోపే, 1834 నుంచి, మారిషస్‌కు గిరిమిట్ కూలీల, అంటే అగ్రిమెంటు మీద పోయే కూలీల, ఓడలు మొదలయ్యాయి. కోరంగి రేవు నుంచి మనవాళ్ళూ పోయారు. కాగితం మీద వేలిముద్ర ఉంది కాబట్టి బానిస కాదన్నారు. నిజాం రాజ్యంలో అప్పు తీరేదాకా దొర పొలంలో పనిచేసే భగేలాదీ అదే కథ. ఇక ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో, సౌదీలో 1962లో, ఒమన్‌లో 1970లో. మన నాయనల కాలం అది.

చట్టాలు ఆపింది మనిషి మీద సొంతదారు హక్కును. మనిషిని పట్టి ఉంచే పని ఆ తర్వాత అప్పు చేతికి పోయింది.

బట్టీ పద్ధతి చూడండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ పండుగ అవుతుంది. ఆ తర్వాత సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారి, ఊళ్ళోకొచ్చి బయానా ఇస్తాడు. లెక్క మనిషికి కాదు, జట్టుకు: మొగుడు, పెళ్ళాం, ఒక పిల్లవాడు. చలికాలం మొదట్లో వచ్చి జూన్ దాకా ఇటుకలు కోస్తారు. కూలి వెయ్యి ఇటుకలకింత. వారం వారం తిండి ఖర్చీ ఇచ్చి అది కూడా బాకీలో రాస్తారు. వానకు కరిగిన ఇటుక లెక్కలోకి రాదు. లెక్కల పుస్తకం ఓనరుది. మొగుడు సంతకు పోతే పెళ్ళాం, పిల్లలు బట్టీలోనే ఉండాలి, తిరిగొస్తాడని హామీ అన్నమాట. ఆ మేస్త్రీ అన్నది దీని గురించే.

గల్ఫ్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఓనరు ముందు డబ్బు ఇవ్వడు, మనమే కట్టి పోతాం. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జి 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. రశీదు ఇవ్వాలి. కానీ ఊరి సబ్‌ఏజెంటు లక్షన్నర అడుగుతాడు, రశీదు ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500 వడ్డీకే పోతుంది. జీతం 1,000 రియాళ్ళు, రియాలు 22 రూపాయలనుకుంటే 22,000 రూపాయలు. తిండికి 300 రియాళ్ళు పోగా మిగిలినదంతా అప్పుకే కట్టినా, ఇంటికి పైసా పంపకపోయినా, తీరడానికి దాదాపు ఏడాది. ఆ ఏడాది ఖఫీల్ ఏం చేసినా కిక్కురుమనలేం, అంత అప్పుతో తిరిగొచ్చి ఊళ్ళో ముఖం ఎలా చూపిస్తాం?

పోయేవాళ్ళు ఇవి చూసుకోవాలి. ఏజెంటు లైసెన్సు నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఉందా? టెన్త్ పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. దాన్ని తప్పించడానికే విజిట్ వీసా అంటగడతారు. అలా పోయినవాడికి బీమా ఉండదు, ఒప్పందం ఉండదు. హైదరాబాద్‌లో సంతకం చేసిన ఒప్పందం ఫొటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో ఉంచండి. అక్కడ దిగాక తక్కువ జీతంతో అరబ్బీలో ఇంకోటి ముందు పెడతారు. పాస్‌పోర్టు ఖఫీల్ ఉంచుకోవడం అక్కడి చట్టానికీ విరుద్ధమే. జీతం ఆగితే పని వదిలి పారిపోకండి, ముందు లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయండి, ఎంబసీకి చెప్పండి. పారిపోతే ఖఫీల్ హురూబ్ రాస్తాడు, అంటే పనివాడు పారిపోయాడని ఫిర్యాదు. ఇకామా (అక్కడ ఉండే పర్మిట్) చెల్లదు, ఖల్లివెల్లి అయిపోతారు, అంటే కాగితాల్లేని మనిషి.

2021 మార్చి నుంచి సౌదీలో ఏడాది దాటాక కంపెనీ మారొచ్చు, ఎగ్జిట్ వీసా మనమే పెట్టుకోవచ్చు. కానీ ఇంటి డ్రైవర్లకు, ఖద్దామాలకు (ఇంటి పని ఆడవాళ్ళకు), గొర్రెల కాపర్లకు, తోట పనివాళ్ళకు ఆ సంస్కరణ వర్తించలేదు. మన పల్లెల నుంచి పోయేవాళ్ళలో ఎంతోమంది చేసేది సరిగ్గా ఆ పనులే.

మన దగ్గర పరిస్థితి కొంత నయమని నాకు అనిపిస్తుంది. సొంత గడ్డ మీద ప్రేమతో అంటున్నానేమో, అయినా చట్టం మనవైపే ఉంది. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ అప్పునే కొట్టేసింది. వెట్టి కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకున్నా బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. కలెక్టరుకో ఆర్డీఓకో ఫిర్యాదు వెళితే విచారణ చేసి విడుదల పత్రం ఇవ్వాలి. వెంటనే 30,000 వరకు సాయం, ఆపైన మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు.

గండి పడేది ఆ పత్రం దగ్గరే. పత్రం చేతికివ్వకుండా, టికెట్లు కొని రైలెక్కించి పంపేస్తే అప్పు రద్దయిందన్న ఆధారం ఉండదు, సాయం అందదు. వాంగ్మూలం ఓనరు ముందే తీసుకుంటే కూలి నోరు విప్పడు. ఒడియా తెలిసిన మనిషి లేకపోతే తెలుగులో రాసిన కాగితం మీద వేలిముద్ర వేస్తాడు, అరబ్బీ కాగితం మీద మనం వేసినట్టే. మళ్ళీ నువాఖాయ్ అవుతుంది, అదే సర్దార్ పాత బాకీ చూపిస్తాడు. అందుకే బట్టీ నుంచి ఎవర్నయినా విడిపించారని వింటే నేను మొదట అడిగేది ఎంతమందిని విడిపించారని కాదు, ఎన్ని పత్రాలు ఇచ్చారని.