ఆకు సారం కాలేయానికి క్షేమమా? ఒక పరీక్ష, నా అనుభవం

"ఆకే కదా, ఏమవుతుందిలే" అనే మాట మా ల్యాబ్‌లో చెల్లదు. తిన్నదాంట్లో చాలా భాగం పేగుల్లోంచి ముందు కాలేయానికే చేరుతుంది. అక్కడి ఎంజైములు కొన్నిసార్లు మామూలు పదార్థాన్నే విషంగా మార్చేస్తాయి. కాంఫ్రీ అనే మూలిక మొక్కలో ఉండే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాల సంగతి అదే. నా పీహెచ్‌డీ పనిలో పెద్ద భాగం ఒక ఆకు సారాన్ని ఈ కోణంలో పరీక్షించడం. పేపర్ ఇంకా రాలేదు, మొక్క పేరు మాత్రం అడగకండి.

మొదట ల్యాబ్‌లో పెంచే హెప్‌జీ2 అనే కాలేయ కణాల మీద ఎంటీటీ పరీక్ష (కణాలు బతికున్నాయో లేదో రంగుతో చూసేది) చేశాను. కణాలు హాయిగా బతికాయి. నేను సంబరపడుతుంటే మా గైడ్ మేడమ్ నీళ్లు చల్లారు. ఇవి కాలేయ క్యాన్సర్ నుంచి వచ్చిన కణాలు, మందుల్ని మార్చే సైటోక్రోమ్ ఎంజైములు వీటిలో బాగా తక్కువ. కాలేయంలో మారాకే విషమయ్యే పదార్థం ఇక్కడ దొరక్కుండా తప్పించుకోవచ్చు.

అందుకే ఎలుకల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఎథిక్స్ కమిటీ ఒక్కో ఎలుకకూ లెక్క అడిగింది. అడగాలి కూడా. ఓఈసీడీ 407 అనే అంతర్జాతీయ పరీక్షా పద్ధతిలో 28 రోజులు, మూడు మోతాదులు, సారం ఇవ్వని ఒక కంట్రోల్ గుంపు. రోజూ ట్యూబుతో సారం పట్టించడం, బరువు చూడటం, రాసుకోవడం. దీని గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు, ఓపిక తప్ప.

అసలు టెన్షన్ చివర్లో వచ్చింది. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్ అన్నీ కంట్రోల్‌తో సమానంగానే ఉన్నాయి. కానీ పెద్ద మోతాదు ఇచ్చిన ఎలుకల్లో కాలేయం బరువు పెరిగింది. రక్తపరీక్షతోనే ఆగిపోయి ఉంటే ఇది తెలిసేదే కాదు. కాలేయపు ముక్కల స్లైడ్లను ఏ గుంపువో చెప్పకుండా, కోడ్ నంబర్లతో పాథాలజిస్ట్‌కి ఇచ్చాం. కాలేయపు చిన్న భాగాల మధ్యలో ఉండే సెంట్రల్ సిర చుట్టూ కణాలు కాస్త ఉబ్బాయి, చనిపోయిన కణాలు గానీ ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బ తగిలినప్పుడు వచ్చే మంట, వాపు) లక్షణాలు గానీ లేవు అన్నారు. అదనపు పని మీద పడితే కాలేయం ఇలా సర్దుకోవడం ఉంది. అయినా ఊహతో సరిపెట్టలేం. సారం ఆపేసి మరో 14 రోజులు ఉంచిన రికవరీ గుంపులో బరువు మామూలుకి వచ్చాకే నాకు ఊపిరి ఆడింది.

థీసిస్‌లో "ఈ సారం సురక్షితం" అని రాశాను. మేడమ్ కొట్టేసి, "ఈ మోతాదుల్లో, 28 రోజుల్లో, ఎలుకల కాలేయానికి హాని కనిపించలేదు" అని మార్పించారు. ఇప్పుడు 90 రోజుల అధ్యయనానికి ప్రపోజల్ రాస్తున్నాను.