చేంజ్ మేనేజ్‌మెంట్ వాళ్ల కేఆర్ఏల్లో కాకి లెక్కలు

మార్చి దాటి అప్రైజల్ ఫారాలు, అంటే ఏడాదిలో ఎవరేం సాధించాలో రాసుకునే కేఆర్ఏలు (కీ రిజల్ట్ ఏరియాలు), తిరగడం మొదలైందంటే మా చేంజ్ మేనేజ్‌మెంట్ వాళ్ల (కంపెనీలో కొత్త పద్ధతి వస్తే జనాన్ని దానికి అలవాటు చేసేవాళ్ల) దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. "అన్నా, గోల్స్‌ల ఏం రాయాలె? మనది నంబర్లల్ల చెప్పే పనేనా?" అని. ప్రొడక్షన్ వాళ్లకు బ్యాచ్‌లున్నాయి, సేల్స్ వాళ్లకు టార్గెట్ ఉంది, స్టోర్స్ వాళ్లకు స్టాక్ ఉంది, మనకేముంది? అందుకని చాలామంది పోయినేడు ఫారం తెరిచి, ఇన్ని ట్రైనింగులు, ఇన్ని పోస్టర్లు, ఇన్ని టౌన్‌హాల్ మీటింగులు అన్నచోట అంకెలు కాస్త పెంచి పంపేస్తారు. ఏడాది తిరిగేసరికి అన్నీ సాధించినట్టే లెక్క. షాప్‌ఫ్లోర్‌లో మాత్రం పాత రిజిస్టర్ పాత చోటనే, దారం కట్టిన పెన్నుతో సహా అట్లనే ఉంటుంది.

నేను పనిచేసేది జడ్చర్ల దగ్గర, పోలేపల్లి వైపు మందుల ప్లాంట్లలో. మహబూబ్‌నగర్, షాద్‌నగర్, కల్వకుర్తి వైపు నుంచి షిఫ్టు బస్సుల్లో వచ్చే జనం మధ్య. కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తా. బ్యాంకులోనో ఐటీలోనో ఉన్నవాళ్లు మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

గోల్ రాశాక ఒక్కసారి చూసుకోండి, ఆ వాక్యంలో పని చేసేది ఎవరు? "నేను రెండు వందల మందికి ట్రైనింగ్ ఇస్తాను" అంటే చేసేది నేను. అది నా డ్యూటీ, దానికి జీతం ఇస్తున్నారు. "బి షిఫ్టు ఆపరేటర్లు రీడింగ్ తీసిన పది నిమిషాల్లోపే సిస్టంలో ఎక్కిస్తారు" అంటే చేసేది వాళ్లు. మార్పు రావాల్సింది వాళ్ల పనిలో కదా, మన క్యాలెండర్‌లో కాదు. అమెరికా ప్రొఫెసర్ డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం వచ్చిందా అని. మన ఫారాలు మొదటి మెట్టు మీదే కూర్చున్నాయి. ఆ మొదటి మెట్టు సంగతి కూడా చెప్పుకోవాలంటే, ఫీడ్‌బ్యాక్ షీట్లు ఎలా నిండుతాయో మీకూ తెలుసు. రెండింటికి షిఫ్టు దిగి బస్సు కోసం ఉరుకుతున్న మనిషి చేతిలో షీటు పెడితే, ఒకరే నలుగురి తరఫున అయిదుకి అయిదు టిక్ కొట్టి ఇస్తారు. దాన్ని మనం పవర్‌పాయింట్‌లో సగటు తీసి చూపిస్తాం.

ఇప్పుడు అసలు ఉదాహరణ. మాత్రలు చేసే కంప్రెషన్ సెక్షన్‌లో అరగంటకోసారి కొన్ని మాత్రలు తీసి బరువు చూడాలి, చూసిన వెంటనే రాయాలి. ఇదివరకు కాగితం మీద రాసేవాళ్లు, ఇప్పుడు ట్యాబ్‌లో ఎక్కించాలి. కాగితం పోయి ట్యాబ్ రావడమే ఇక్కడ మార్పు. అందరికీ లాగిన్లు ఇచ్చాం, ట్రైనింగ్ అయింది, పరీక్షలో అందరూ పాస్. పాత లెక్క ప్రకారం పని అయిపోయినట్టే. కానీ ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఏ టైముకి ఏం ఎక్కించారో సిస్టం తనంతట తాను రాసుకునే చిట్టా) తీసి చూస్తే, ఉదయం ఆరు నుంచి రెండు దాకా తీసిన రీడింగులన్నీ సిస్టంలోకి ఎక్కింది ఒంటిగంటన్నర దాటాకే, వరసగా, నిమిషానికొకటి చొప్పున. అంటే అప్పటిదాకా ఎక్కడో చిట్టీ మీద రాసిపెట్టుకుంటున్నారు. మందుల తయారీలో చిట్టీ మీద రాయడం అంటే ఎంత పెద్ద తప్పో ఆ ఫీల్డులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అక్కడే కొలత దొరికింది. రీడింగ్ తీయాల్సిన టైముకి, సిస్టంలో ఎక్కిన టైముకి మధ్య ఎంత తేడా ఉంది? ఇది ఎవర్నీ అడగకుండా, కొత్త ఫారం పుట్టించకుండా దొరికే అంకె. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ల పార్ట్ 11 నిబంధన 1997 నుంచి అమల్లో ఉంది, ఎలక్ట్రానిక్ రికార్డుకి టైముతో సహా ఎవరు ఏం మార్చారో ఆడిట్ ట్రెయిల్ ఉండాలంటుంది, కాబట్టి ఆ డేటా ఎలాగూ సిస్టంలో పడే ఉంటుంది. నా దృష్టిలో మంచి కొలతకు గుర్తు ఇదే, పనితో పాటే పుట్టాలి. మన తెలంగాణ ఆర్టీసీ బస్సుల్నే తీసుకోండి. మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైతే, కండక్టర్లు జీరో టికెట్ కొట్టడం పెట్టారు. ఎంతమంది ఎక్కారన్నది టికెట్ మిషన్లోనే తేలుతుంది, దానికి ఇంటింటికీ తిరిగి సర్వే చేయక్కర్లేదు.

అయితే ఆ తేడా ఎందుకొస్తుందో నంబర్ చెప్పదు, మనిషి దగ్గరికి పోయి నిలబడాల్సిందే. మీటింగులో అయితే "ఆపరేటర్లకు ఇంట్రెస్ట్ లేదు, మైండ్‌సెట్ మారాలి" అన్నారు. మిషన్ దగ్గర ఒక ఆపరేటర్‌ని అడిగితే రెండు చేతులూ చూపించి, "సార్, డబుల్ గ్లౌజులున్నయి. టచ్ పనిచేస్తలేదు. అరగంటకోసారి గ్లౌజులు తీసి, మళ్ల కొత్తవి ఏసుకొని, ఇట్లయితే మిషన్ ఎవరు చూడాలె?" అన్నాడు. మనిషిలో మార్పు ఎలా వస్తుందో చెప్పే జెఫ్ హయట్ అడ్కార్ (ADKAR) పద్ధతిలో అయిదు దశలుంటాయి: తెలియడం, కావాలనుకోవడం, ఎలా చేయాలో నేర్చుకోవడం, చేయగలగడం, నిలబెట్టుకోవడం. మేనేజ్‌మెంట్ రెండో దశ దగ్గర పట్టుకుని లాగుతోంది, అడ్డం పడింది మాత్రం నాలుగో దశలో, అదీ రబ్బరు గ్లౌజు దగ్గర. గ్లౌజుతో పనిచేసే స్క్రీన్ తెప్పించకుండా ఇంకో పది ట్రైనింగులు పెట్టినా తేడా ఇంచు తగ్గదు. కేఆర్ఏలో మాత్రం పది పడతాయి.

ఇక గోల్ ఎలా రాయాలంటే, ఇప్పుడు ఎంత ఉంది, ఎంతకు తేవాలి, ఏ తేదీకి, ఏ రిపోర్టు నుంచి చూస్తాం, ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పట్టాలి. "కంప్రెషన్ సెక్షన్ మూడు షిఫ్టుల్లోనూ పది నిమిషాల్లోపు ఎక్కే రీడింగులు జూన్‌లో వందకు 30 ఉంటే, డిసెంబర్‌కి 85, ఆడిట్ ట్రెయిల్ రిపోర్టు ప్రకారం" అన్నట్టు. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు తీసుకోండి. మొదట ఎంత ఉందో కొలవకుండా టార్గెట్ పెట్టేవాళ్లను చూస్తే నాకు భలే చిరాకు, వందకు 80 అని రాస్తారు, ఇప్పటికే 78 ఉందేమో ఎవరికి తెలుసు?

ఎప్పుడు కొలుస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. మా వైపు నాట్ల టైములో కాంట్రాక్టు మనుషులు సగం ఊళ్లకు పోతారు, బతుకమ్మ, దసరా, ఆ తర్వాత కురుమూర్తి జాతర, ఆ రోజుల్లో షిఫ్టులో ఉన్నవాళ్లంతా వాళ్ల బదులు వచ్చిన రిలీవర్లే. ఆ వారం తీసిన లెక్కతో మంచీ తేలదు, చెడూ తేలదు. ఆడిట్ వారం అయితే అసలే వద్దు, ఆ వారం అందరూ రాముడు మంచి బాలుడే.

ఇంకో చిక్కు. ఒక అంకెను టార్గెట్‌గా పెడితే, జనం ఆ అంకెను తెచ్చిపెట్టడం నేర్చుకుంటారు. బ్రిటిష్ ఎకనమిస్ట్ చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన సూత్రం సారం ఇదే. పది నిమిషాల్లోపు ఎక్కించాలి అనగానే, బరువు చూడకుండానే పోయిన అరగంట అంకెను దించేసే మనిషి ఒకడు తయారవుతాడు. కాబట్టి జంటగా ఇంకో కొలత పెట్టండి. ఒకే బరువు వరసగా ఎన్నిసార్లు పడింది, క్యూఏ (నాణ్యత చూసే) వాళ్లు అనుకోకుండా వచ్చి చూసినప్పుడు ఎన్ని సరిపోయాయి, ఇట్లాంటిది. రెండూ కలిసి బాగుంటేనే బాగున్నట్టు.

బాధ్యత దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. జార్జ్ డోరన్ 1981లో స్మార్ట్ (SMART, ఒక్కో అక్షరానికి ఒక్కో షరతు) గోల్స్ గురించి రాసినప్పుడు అందులో 'ఏ' అన్నది సాధ్యమా కాదా అని కాదు, ఎవరికి అప్పగించారు అని. తర్వాత తర్వాత జనం దాన్ని మార్చేసుకున్నారు. మనకు మాత్రం ఆ పాతదే పనికొస్తుంది, ఎందుకంటే ఆపరేటర్ మన మాట వినాల్సిన పనిలేదు, వినేది షిఫ్టు ఇన్‌ఛార్జ్ మాట. ఆయన కేఆర్ఏలో బ్యాచ్ టార్గెట్ ఒక్కటే ఉండి, ట్యాబ్ గొడవంతా మన కేఆర్ఏలోనే ఉంటే, రోజూ ఆయన క్యాబిన్ ముందు బతిమాలుకుంటూ నిలబడటమే మన పని. అదే గోల్, అదే అంకె, ఇద్దరి ఫారాల్లోనూ ఉండాలి. ప్రొడక్షన్ హెడ్ ఒప్పుకోకపోతే ఆ గోల్ మీరూ తీసుకోకండి. ఈ మాట మెయిల్‌లో చెప్పండి, నోటితో కాదు.

పెద్దసార్లను కూడా కొలవచ్చు, భయపడాల్సిన పనేం లేదు. పొద్దున రివ్యూ మీటింగుకి పాత రిజిస్టర్ జిరాక్స్ పట్టుకురమ్మని అడిగేది వాళ్లే అయితే, కింద ఎవరు ట్యాబ్ ముడతారు? అందుకే నేను తప్పకుండా పెట్టించే గోల్ ఒకటుంది: ఫలానా సెక్షన్‌లో పాత రిజిస్టర్ ఏ తేదీన మూతపడుతుంది, మూడు నెలల తర్వాత కూడా మూసే ఉందా? ఇందులో శాతాల గోల లేదు, ఉందా లేదా, అంతే. రెండూ నడిచినన్నాళ్లు జనానికి డబుల్ పని, కోపం మన మీద.

"రెసిస్టెన్స్ 30 శాతం తగ్గిస్తాం", "మైండ్‌సెట్ మారుస్తాం" లాంటివి ఎవరైనా మీ ఫారంలో రాయబోతే ఆపండి. దేంతో కొలుస్తారని అడిగితే జవాబు రాదు. కంపెనీ లాభం పెరగడాన్ని కూడా నెత్తిన వేసుకోవద్దు, దానికి కారణాలు వంద ఉంటాయి.

ఏడాదికి మూడు, మహా అయితే నాలుగు గోల్స్ చాలు. వెయిటేజీలో సగానికి పైగా షాప్‌ఫ్లోర్‌లో కనిపించే మార్పుకి, కొంత ఆర్నెల్ల తర్వాత అది నిలబడిందా అన్నదానికి. అయినా సరే మీ బాస్ ట్రైనింగుల లెక్క కావాల్సిందే అంటారు, అదీ నాకు తెలుసు. ఇచ్చేయండి, రిమార్క్స్ కాలమ్‌లో బోలెడంత చోటుంది.