రమ్మన్నరు సరే, కుర్చీ ఏడుంది?

పొద్దున నాలుగున్నరకు ఫోన్ మోగింది. అమ్మ అప్పటికే లేచి పాలు పెట్టింది. అవతల నా కొలీగు. "మెయిల్ చూశావా?" అంటోంది. నేనెక్కడ చూస్తాను? నా ఆఫీసు లాప్‌టాప్ నార్త్ కరోలినాలో, మా ఇంటి అల్మారాలో ఉంది. అనుమతి లేకుండా దాన్ని దేశం దాటించకూడదు. నేనేమో మల్కాజిగిరిలో, నాన్న కంటి ఆపరేషన్‌కని సెలవు పెట్టి వచ్చినదాన్ని. ఆమె చదువుతుంటే పాల గిన్నె మీద ఒక కన్నేసి విన్నాను.

అది 2025 జనవరి 29. అక్కడింకా 28 సాయంత్రమే. రాజీనామా చేయదలిస్తే ఆ మెయిల్‌కి 'రిజైన్' అని ఒక్క మాట జవాబిస్తే చాలట. సెప్టెంబరు 30 దాకా జీతం వస్తుందట. గడువు ఫిబ్రవరి 6. ఇరవై రెండు లక్షల పైచిలుకు ఉద్యోగులున్న ఫెడరల్ ప్రభుత్వంలో, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వంలో, దాదాపు అందరికీ ఇదే బేరం.

వారం కిందటే, జనవరి 20న, కొత్త ప్రెసిడెంటుగా ట్రంప్ ప్రమాణం చేసిన రోజే, అందరూ ఆఫీసులకు వచ్చి పనిచేయాలని ఆర్డరు వెలువడింది. అప్పటినుంచీ నాకు నిద్ర సరిగా లేదు. పక్కింటి అంకుల్‌కి అది అర్థం కాదు. "అమెరికాల సర్కారు నౌకరి, నీకేం ఫికర్?" అంటాడు. నేనూ అలాగే అనుకునే చేరాను. పదిహేనేళ్లు ప్రైవేటు కంపెనీల్లో, ముందు హెచ్-1బి మీద, తర్వాత గ్రీన్‌కార్డు మీద, ఎప్పుడు లేఆఫ్ అంటారో అని బిక్కుబిక్కుమంటూ గడిపాను. సిటిజన్‌షిప్ వచ్చాక, జీతం తగ్గినా సరేనని 2021లో ప్రభుత్వంలో చేరాను. ఐదేళ్లు నిండితే పెన్షన్‌కి హక్కు వస్తుంది. అప్పటికి నాకు నిండింది నాలుగే.

ఇక్కడొక తేడా చెప్పాలి. వారంలో రెండు రోజులు ఇంటినుంచి, మిగతా రోజులు ఆఫీసునుంచి పనిచేస్తే టెలివర్క్. నాది రిమోట్. అంటే కాగితం మీద నా డ్యూటీ స్టేషన్, నేను పనిచేయాల్సిన చోటు, మా ఇల్లే. చేరేటప్పుడే అలా రాసిచ్చారు. నాలాంటివాళ్లు 2024 లెక్క ప్రకారం రెండు లక్షల ఇరవై ఎనిమిది వేల మంది, అంటే నూటికి పది. సగానికి పైగా ఉద్యోగులు ఏనాడూ ఇంటినుంచి పనిచేసినవాళ్లు కారు. ఆసుపత్రి నర్సు, పార్కు రేంజరు ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? మా చుట్టాల్లో మాత్రం అమెరికా సర్కారంతా పైజమాలో కూర్చుందనే నమ్మకం.

నాన్న లేచి వచ్చి, కంటికి నల్లద్దాలు సరిచేసుకుంటూ అడిగాడు. "ఏమంటున్నరమ్మా?"

"ఆఫీసుకు రమ్మంటున్నారు నాన్నా."

"పోవాలె మరి. సర్కారు జీతం తింటున్నవ్."

ఆయన నాంపల్లి గగన్‌విహార్‌లోని సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. హాజరు పట్టీలో సంతకం ఆలస్యమైతే ఎర్ర సిరా గీత పడేది. మూడు గీతలకు ఒక సీఎల్ పోయేది. ఆ గీతకు భయపడి టిఫిన్ డబ్బా మరిచిపోయి బస్సెక్కిన రోజులు నాకు గుర్తే. అలాంటి మనిషికి ఆఫీసుకెళ్లడం కష్టమని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? రాలేదు. నిజానికి నా బాధ అది కాదు కూడా.

"ఏ ఆఫీసుకు?" అన్నాడు.

"ఇంకా చెప్పలేదు. యాభై మైళ్లకంటే దూరముంటే దగ్గర్లో ఏదో ఒకటి చూస్తారట. మా శాఖ ఆఫీసు మాకు దగ్గర్లో లేదు."

నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆయనకి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ట్రాన్స్‌ఫర్లయినప్పుడు ప్రొసీడింగ్స్‌లో ఊరి పేరుండేది, ఆఫీసు పేరుండేది, ఎవరి స్థానంలోనో ఉండేది. జాయినింగ్ టైముండేది. టీఏ, డీఏ ఉండేవి. తిట్టుకుంటూనే ట్రంకు పెట్టె సర్దేది అమ్మ.

"రమ్మన్నరు సరే, కుర్చీ ఏడుంది?" అన్నాడు.

ఇన్ని రోజులుగా నేను అడగలేకపోయిన ప్రశ్న అది. మావాళ్లు ఇళ్లనుంచి పనిచేయడం మొదలుపెట్టాక చాలా బిల్డింగుల్లో అంతస్తులకు అంతస్తులు ఖాళీ చేశారు.

రామంతాపూర్‌నుంచి పెద్దమ్మ కొడుకు వచ్చాడు ఆ సాయంత్రం. వాడిదీ సాఫ్ట్‌వేరే. వారానికి మూడు రోజులు నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం పోతాడు. "మమ్మల్ని పిలిచినప్పుడు ఎవరూ ఏడవలేదక్కా" అని నవ్వాడు. వాడికి కుర్చీ ఉంది. అది కూడా రోజూ యాప్‌లో బుక్ చేసుకోవాలట.

రాత్రి ఫోనులో ఆ ఒక్క మాట ఎన్నిసార్లు టైపు చేసి చెరిపానో. పంపడానికి కాదు, అది నా ఆఫీసు మెయిల్‌నుంచే వెళ్లాలి. ఎలా కనిపిస్తుందో చూద్దామని. అమ్మ గమనించింది.

"ఇయ్యాల అమాస. ఏ నిర్ణయం తీసుకోకు" అంది.

తీసుకోలేదు. గడువుకు మూడు రోజుల ముందే శంషాబాద్‌లో విమానమెక్కాను. గడువును కోర్టు కొన్నాళ్లు ఆపింది, మళ్లీ నడిపింది, ఫిబ్రవరి 12న ముగిసింది. ఆ మాట పంపినవాళ్లు సుమారు డెబ్బై ఐదు వేల మంది. పాలు కాచేటప్పుడు మెయిల్ చదివి వినిపించిన కొలీగు వాళ్లలో ఒకరు. ఆమె పని ఇప్పుడు నేనే చేస్తున్నాను.

ఏప్రిల్‌లో నాకు ఆఫీసు చూపించారు. అరవై మైళ్లు, వేరే శాఖవాళ్ల బిల్డింగు. మొదటిరోజు డెస్కు లేదు, మీటింగు గదిలో బల్ల చివర కూర్చుని, ఇదివరకు మా ఇంటినుంచి ఎవరితో మాట్లాడేదాన్నో వాళ్లతోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడాను. వాళ్లూ ఇప్పుడు ఎవరి ఊరి బల్ల చివర వాళ్లున్నారు.

రాత్రి ఇంటికి చేరి ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో తెల్లవారింది.

"జాయినింగ్ రిపోర్టు ఇచ్చినవా?" అన్నాడు నాన్న.

"ఎవరికివ్వాలి నాన్నా? మా మేనేజరు డెన్వర్‌లో ఉంటాడు."

అటు కాసేపు చప్పుడు లేదు. వెనక అమ్మ కుక్కరు కూసింది.

"అయినా రాయి" అన్నాడు. "తేదీ వేసి, ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో."