ఎస్-10కి ట్రెయిలర్ టైర్లా?

హ్యూస్టన్‌లో ఉన్న మా బావమరిది పాత షెవ్రొలే ఎస్-10 పికప్ ఒకటి కొని, వెనక డబ్బా పీకేసి చెక్కతో ఫ్లాట్‌బెడ్ కట్టుకున్నాడు. పనితనం బాగుంది, కాదనను. పేచీ టైర్ల దగ్గరే. పాతకాలపు బండ్లకు ఉండే సన్నటి, మొరటు టైరు కావాలని వాడి కోరిక. ట్రెయిలర్లకు అమ్మే ఎస్‌టీ205/75ఆర్15లో ఆ రూపం చవగ్గా దొరికింది. తెచ్చేశాడు.

"ఒక్కోటి 1,820 పౌండ్లు మోస్తుంది బావా. అదే సైజు కారు టైరు అంత మొయ్యదు. ఇంకేం కావాలి?"

మోస్తుంది, 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 50 పౌండ్ల ఒత్తిడి) గాలి కొడితే. కానీ మోయడం ఒక్కటే దాని పని. ఎస్‌టీ అంటే స్పెషల్ ట్రెయిలర్. దాన్ని ఇంజను తిప్పదు, స్టీరింగు మళ్లించదు. ట్రెయిలర్ ఊగిపోకుండా సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం, బిరుసుగా చేస్తారు. నెలల తరబడి ఎండలో నిలబడినా పగుళ్లు రాకుండా రబ్బరులో రసాయనాలు కలుపుతారు. వానలో గట్టిగా బ్రేకు తొక్కితే రోడ్డును పట్టుకోవడం ఆ తయారీలో ముఖ్యం కాదు. అమెరికా భద్రతా ప్రమాణాలే వీటిని వేరుగా చూస్తాయి: కార్ల, లైట్ ట్రక్కుల రేడియల్ టైర్లకు 139వ నంబరు ప్రమాణం, ఎస్‌టీ టైర్లకు 119వది.

"మనూళ్లో టైరు బండికి పాత లారీ టైర్లు వెయ్యట్లేదా?" అన్నాడు. నవ్వొచ్చింది. ఆ బండికి ఇంజనూ బ్రేకూ స్టీరింగూ అన్నీ ఎద్దులేరా నాయనా, చక్రం ఊరికే దొర్లుతుంది!

మాటలతో తేలదని ట్రక్ స్టాప్ కాటా మీదికి ఎక్కించాం. ఖాళీ బండి ముందు ఇరుసు మీద 1,500 పౌండ్లు, వెనక 1,100. అంటే వెనక టైరుకు 550. అంత తేలిక బండి కింద 50 పీఎస్‌ఐ టైరు రాయిలా ఉంటుంది. ట్రెడ్ (గాళ్లున్న పైపొర) నడిమి భాగమే నేలకు ఆనుతుంది, కాంక్రీటు అతుకుల మీద వెనకభాగం ఎగిరి పడుతుంది. గాలి తగ్గిస్తే కుదుపు తగ్గుతుందేమో గానీ ఆ రబ్బరు మారదు కదా. పైగా వేగం. పాత ఎస్‌టీ టైర్లకు మామూలుగా గంటకు 65 మైళ్లే హద్దు. ఇప్పటివాటిలో సైడ్‌వాల్ మీద వేగాన్ని చెప్పే అక్షరం ఎల్ ఉంటే 75, ఎం ఉంటే 81. వాడివాటి మీద ఏ అక్షరమూ లేదు. ఐ-10 హైవే మీద 65లో వెళ్తే వెనకవాళ్లు ఊరుకుంటారా?

కొన్నచోటే ఉన్న మెకానిక్ కూడా వాటిని పికప్‌కి బిగించనన్నాడు. చివరికి అదే కొలతలో పీ205/75ఆర్15 కారు టైర్లు వేయించాం. ఇంత చిన్న బండికి ఎక్కువ బరువు మోసే ఎల్‌టీ (లైట్ ట్రక్) ఈ-రేంజ్ టైరు కూడా అనవసరం, అదీ బిరుసే. ఎస్‌టీలు రెండు వాడి లాన్ మోవర్ ట్రెయిలర్‌కి సరిపోయాయి, మిగతా రెండు గరాజ్‌లో ఉన్నాయి. బండికి మునుపటి కళ లేదని ఇప్పటికీ సణుగుతాడు. కళ విషయంలో వాడిదే నిజం.